పచ్చిక బయలే పరుగుల బడి

గుర్రాల్ని కని పెంచే పొలం వాటికి పరుగు నేర్పే చోటుగా మారాలంటే ఏం కావాలి? జపాన్‌లోని హొక్కైడో దీవిలో ఒక కుటుంబం దీన్ని ముప్ఫై ఏళ్ల పాటు చేసి చూపించింది. నగరాల్లోంచి రేస్‌కోర్సులు కదలక తప్పని రోజులు మన దేశానికీ వచ్చాయి కాబట్టి ఆ అనుభవం ఇప్పుడు మనకు అక్కరకొస్తుంది.

2025 నవంబరు 1న కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన బ్రీడర్స్ కప్ క్లాసిక్‌ను ఫరెవర్ యంగ్ గెలిచింది. జపాన్ గుర్రం ఆ పందెం గెలవడం అదే తొలిసారి. దాని తండ్రి రియల్ స్టీల్, తాత డీప్ ఇంపాక్ట్, ముత్తాత సండే సైలెన్స్. ఆ ముత్తాత అమెరికాలో పుట్టింది. 1989లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్‌తో పాటు ఇదే బ్రీడర్స్ కప్ క్లాసిక్‌నూ గెలిచింది. అంతటి గుర్రాన్ని సంతానానికి నిలబెడతామంటే అక్కడి పెంపకందారులు ముందుకు రాలేదు. తల్లి వైపు వంశం చెప్పుకోదగ్గది కాదన్నారు, కాళ్ల తీరు నచ్చలేదన్నారు. జపాన్‌కు చెందిన జెన్యా యోషిదా దాన్ని కొని హొక్కైడోకు తీసుకుపోయాడు. 1995 నుంచి 2007 దాకా వరుసగా 13 ఏళ్లు జపాన్‌లో బహుమతి సొమ్ము అన్నిటికన్నా ఎక్కువ తెచ్చింది దాని పిల్లలే.

రేసుల మీద మమకారం ఉన్నవాళ్లు ఈ కథను రక్తం మహిమగా చెప్పుకుంటారు. రక్తం గొప్పదే. కానీ మేలుజాతి మగగుర్రాల్ని డబ్బు పోసి కొన్న దేశాలు ఇంకా చాలా ఉన్నాయి, మన దేశం కూడా అందులో ఒకటి. వాళ్లందరికీ దక్కనిది జపాన్‌కు ఎలా దక్కిందో తెలియాలంటే ఆ పిల్లలు పుట్టిన పొలానికి వెళ్లాలి. అక్కడ పిల్ల పుట్టడంతో పని అయిపోదు. మొదటి జీను పడేది అక్కడే. మొదటి గాలప్ అక్కడే. పందేలకు వెళ్లడం మొదలయ్యాక కూడా రెండు పందేల మధ్య అది తిరిగొచ్చేది ఆ పొలాల్ని నడిపే వాళ్ల దగ్గరికే.

అన్నదమ్ముల పంపకం

జెన్యా యోషిదా 1993లో కన్నుమూశాడు. ఆస్తి ముగ్గురు కొడుకులకు పంపకమైంది. షాదై ఫార్మ్ పెద్దవాడు తెరుయాకు, నార్తర్న్ ఫార్మ్ రెండోవాడు కత్సుమికి, ఒయివాకే ఫార్మ్ చిన్నవాడు హరుయాకు వెళ్లాయి. మగగుర్రాల్ని ఉంచే షాదై స్టాలియన్ స్టేషన్ మాత్రం ముగ్గురికీ ఉమ్మడి. అంటే నాన్న తెచ్చిన రక్తం ముగ్గురికీ అందుబాటులోనే ఉంది. అయినా ఈ పాతికేళ్లలో నార్తర్న్ ఫార్మ్ మిగతా ఇద్దరినీ, దేశంలోని పెంపకందారులందరినీ దాటి వెళ్లిపోయింది. 2005లో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన డీప్ ఇంపాక్ట్, అత్యున్నత శ్రేణివైన జీ1 పందేలు తొమ్మిది గెలిచిన ఆడగుర్రం ఆల్మండ్ ఐ, 2023లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ రేటింగ్ అందుకున్న ఈక్వినాక్స్, ఇప్పుడీ ఫరెవర్ యంగ్... అన్నీ అక్కడ పుట్టినవే.

ఒకే తండ్రి సంతానం, ఒకే దీవి, ఒకే మంచు. తేడా వచ్చింది శిక్షణలో.

జపాన్ పద్ధతి కొంచెం చెప్పాలి. అక్కడి గుర్రాలు ఒకప్పుడు రేస్‌కోర్సుల్లోనే ఉండేవి. రేసుల సంస్థ జేఆర్ఏ 1969లో షిగా ప్రాంతంలోని రిట్టోలో, 1978లో ఇబరాకి ప్రాంతంలోని మిహోలో పెద్ద శిక్షణ కేంద్రాలు కట్టి వాటిని అక్కడికి తరలించింది. ఒక్కోచోట రెండేసి వేల గుర్రాలకు వసతి ఉంది. పందెంలో పరుగెత్తాలంటే కనీసం పది రోజుల ముందు ఆ కేంద్రంలోకి వచ్చి ఉండాలి. మొదటి పందెమైతే పదిహేను రోజులు. అయితే అక్కడ ఒక్కో ట్రైనర్‌కు దక్కే గదులు తక్కువ, అతని పేరున ఉన్న గుర్రాలు అంతకు రెట్టింపు పైనే. కాబట్టి పందెం అయిన గుర్రం గది ఖాళీ చేసి బయటి పొలానికి వెళ్లాలి, వంతు వచ్చినప్పుడు తిరిగి రావాలి.

బయటికి పంపడమంటే పూర్వం మేతకు వదిలి విశ్రాంతి ఇవ్వడమే. నార్తర్న్ ఫార్మ్ వాళ్లకు అక్కడే ఒక ఆలోచన తట్టింది. ఏడాదిలో ఎక్కువ రోజులు గుర్రం మన చేతుల్లోనే ఉంటోంది, ఆ రోజుల్ని మేతతో ఎందుకు సరిపెట్టాలి? హొక్కైడోలో చలికాలమంతా నేల మంచు కింద ఉంటుంది కాబట్టి వాళ్లు పైకప్పు వేసిన, ఏటవాలుగా పైకెక్కే ఎత్తు బాటలు కట్టారు. 2010లో రిట్టోకు దగ్గర్లోని షిగరాకిలో, 2011లో మిహో వైపు గుర్రాల కోసం ఫుకుషిమా ప్రాంతంలోని టెన్‌ఎయిలో శిక్షణ పొలాలు తెరిచారు. షిగరాకిలో బాట పొడవు 800 మీటర్లు, దాని మీద గుర్రం ఎక్కే ఎత్తు దాదాపు 40 మీటర్లు. జేఆర్ఏ సొంత కేంద్రం రిట్టోలోని ఎత్తు బాట కన్నా ఇది నిటారు.

దీని ఫలితం 2018లో అందరికీ కనిపించింది. పెద్ద పందేనికి ముందు చిన్న పందెం ఒకటి పరుగెత్తించి గుర్రాన్ని సిద్ధం చేయడం జపాన్‌లో పాత ఆచారం. ఆల్మండ్ ఐ దాన్ని పట్టించుకోలేదు. జనవరిలో ఒక పందెం గెలిచి, పొలానికి పోయి, ఏప్రిల్‌లో నేరుగా ఒకా షో అనే పెద్ద పందేనికి వచ్చి గెలిచింది. వేసవిలో మళ్లీ పొలం, అక్టోబరులో నేరుగా మరో పెద్ద పందెం షూకా షో, అదీ గెలుపే. నవంబరులో జపాన్ కప్ 2400 మీటర్లను 2 నిమిషాల 20.6 సెకన్లలో ముగించి రికార్డు పెట్టింది. పందెంలో చేయించాల్సిన కసరత్తును పొలంలోనే చేయించి పంపవచ్చని ఆ ఏడాదితో తేలిపోయింది.

ఎత్తు బాట ఎందుకు?

పెంపకపు పొలాన్ని శిక్షణ కేంద్రంగా మార్చాలనుకునే ఎవరైనా మొదట అర్థం చేసుకోవాల్సింది గుర్రం కాలు.

పందెపు గుర్రం బరువు 450 నుంచి 500 కిలోలు. నిండు పరుగులో ఒక్కో అడుగులో కాసేపు ఆ బరువంతా ఒకే కాలి మీద పడుతుంది. వేగం వల్ల ఆ కాలికి తగిలే తాకిడి ఒంటి బరువుకు రెండున్నర రెట్ల దాకా పోతుంది. ముంగాలి వెనక ఉండే స్నాయువు సాగుతూ ముడుచుకుంటూ లోపల 45 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గుండె మాత్రం ఇలాంటి పనికే పుట్టింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి ముప్ఫై, నలభై సార్లు కొట్టుకునేది, పరుగులో 220 దాటుతుంది. ప్లీహం తనలో దాచుకున్న ఎర్రకణాల్ని ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. గుండె, ఊపిరి నెలల్లో సిద్ధమవుతాయి. ఎముకకు, స్నాయువుకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం కావాలి. శిక్షణలో కనిపించే కష్టమంతా ఈ రెండు కాలాల మధ్య తేడా వల్ల వచ్చేదే.

ఎత్తు బాట ఆ తేడాను కొంత పూడుస్తుంది. ఎగువకు పరుగెత్తే గుర్రం తక్కువ వేగంతోనే గుండెకు నిండా పని చెబుతుంది. బరువు వెనక కాళ్ల మీదికి జరుగుతుంది, ముంగాళ్లకు తాకిడి తగ్గుతుంది. రిట్టోలో 1985లో ఎత్తు బాట వచ్చాక పడమటి గుర్రాలు తూర్పు మిహో గుర్రాల్ని దాటేశాయి. ఆ వెనకబాటు తట్టుకోలేక మిహో వాళ్లు తమ బాటను తవ్వి, ఎక్కే ఎత్తును 18 మీటర్ల నుంచి 33 మీటర్లకు పెంచి 2023లో మళ్లీ తెరిచారు. చదునైన పొలంలో ఇలాంటి బాట కావాలంటే మట్టి తోలి కట్టాలి. ఖర్చు తక్కువ కాదు. కానీ మెరుగులు దిద్దిన గ్యాలరీ కన్నా గుర్రానికి ఇదే అవసరం.

ఎముక గురించి ఇంకో మాట. రెండేళ్ల గుర్రాల్లో ముంగాలి నలి ముందు భాగం వాచి నొప్పి పెట్టడం ప్రతి శిక్షణ కేంద్రంలోనూ ఉండే బాధ. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్‌లో డేవిడ్ నునమేకర్ ఏళ్ల తరబడి దీన్ని పరిశీలించాడు. చాలా దూరం నెమ్మదిగా పరుగెత్తించే పాత పద్ధతిలో కన్నా, చిన్న చిన్న దూరాల్ని కాస్త వేగంగా, తరచుగా పరుగెత్తించిన గుర్రాల్లో ఈ బాధ తక్కువని తేల్చాడు. ఎముక తన మీద పడే పనిని బట్టి తనను తాను మార్చుకుంటుంది. నెమ్మది పరుగుకు అలవాటైన ఎముక పందెపు వేగాన్ని ఓర్చుకోలేదు. బోనులాంటి గదిలో పెరిగిన పిల్లకు ఆ మార్పు ఆలస్యమవుతుంది. విశాలమైన పచ్చికలో తల్లి వెంట దౌడు తీసిన పిల్లకు సగం పని అక్కడే అయిపోతుంది. పెంపకపు పొలానికి ఉన్న అసలు బలం ఇదే. శిక్షణ కేంద్రం కడుతున్నామని పచ్చికలన్నీ తవ్వేస్తే ఆ బలం పోయినట్టే.

పచ్చికకు మంచి నేల పరుగుకు మంచిది కాదన్నది కూడా మరిచిపోకూడదు. గడ్డి ఏపుగా పెరిగే నల్లరేగడి వానకు బురదవుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పరుగు బాటకు కింద రాళ్ల పొర, నీరు జారే కాలువలు, పైన ఇసుకో, చెక్క పొట్టో, మైనం కలిపిన కృత్రిమ పొరో కావాలి. ప్రతి విడత గుర్రాలు వెళ్లాక దాన్ని దున్ని సరిచేసే మనిషి, ట్రాక్టరు కావాలి. బాట వేయడం ఒక్కసారి ఖర్చు. దాన్ని ఒకేలా ఉంచడం రోజూ ఉండే పని, బాగా నడిచే కేంద్రాల ప్రతిష్ఠ అంతా ఆ పనిలోనే ఉంటుంది.

చూలు గుర్రం పక్కన

ఉత్సాహంతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా విస్మరించే ప్రమాదం ఒకటుంది. పందేలకు తిరిగే గుర్రాలు ఊరూరా తిరిగి దగ్గు, జలుబు మోసుకొస్తాయి. వాటిలో హెర్పిస్ జాతి వైరస్ ఒకటి. కుర్ర గుర్రానికి అది నాలుగు రోజుల జ్వరం. అదే చూలు గుర్రానికి సోకితే చివరి నెలల్లో, బయటికి ఏ సూచనా లేకుండా, ఈచుకుపోతుంది. ఒకటి ఈచుకుపోతే ఆ మాయ తాకిన గడ్డి వల్ల మరో నాలుగింటికి ముప్పు. ఐదు, ఏడు, తొమ్మిదో నెలల్లో టీకాలు వేస్తారు గానీ టీకా ఒక్కటే కాపాడదు. అందుకే ఒకే పొలంలో పెంపకం, శిక్షణ రెండూ నడపాలంటే దారులు వేరు, నీళ్ల తొట్లు వేరు, దాణా బండ్లు వేరు, గుర్రాల్ని చూసుకునే సయీసులు కూడా వేరుగా ఉండాలి. నార్తర్న్ ఫార్మ్ వంటి చోట్ల చూలు గుర్రాలు, ఏడాది పిల్లలు, శిక్షణ గుర్రాలు విడివిడి స్థలాల్లో ఉండటం స్థలం ఎక్కువై కాదు. అలా ఉంచకపోతే నడవదు.

కడుపు సంగతీ అంతే. గుర్రం రోజులో పదహారు గంటలు మేసే జీవి. ఒంటి పరిమాణానికి దాని పొట్ట చాలా చిన్నది, ఆమ్లం మాత్రం మేసినా మేయకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాన్ని గదిలో కట్టి మూడు పూటలా గింజలు పెడితే పొట్టలో పుండ్లు పడతాయి. పందెపు గుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ పుండ్లు ఉంటాయని పశువైద్యులందరికీ తెలుసు. పచ్చిక ఉన్న శిక్షణ కేంద్రం ఉదయం కసరత్తయ్యాక గుర్రాన్ని రెండు గంటలు బయట మేయనిస్తుంది. నగరంలోని రేస్‌కోర్సుకు ఆ వీలు లేదు.

ఇక మనుషులు. పిల్లను ఈనించే చెయ్యి, పిల్లను ఎక్కే చెయ్యి ఒకటి కావు. పెంపకపు పొలంలో పనిచేసే మనిషికి ఓర్పు ఎక్కువ, గొంతు మెత్తన. పుట్టిన రోజు నుంచి పిల్లకు తల తాడు అలవాటు చేసేది, కాలెత్తి గిట్ట చూపించుకోవడం నేర్పేది అతనే. ఏడాదిన్నర వయసులో నోటికి కళ్లెం, నడుం మీద జీను, ఆ పైన రౌతు బరువు... ఈ మెట్లన్నీ ఆ పాత నమ్మకం మీదే నిలబడతాయి. శిక్షణ కేంద్రం అనగానే బయటి నుంచి కొత్త రౌతుల్ని తెచ్చి పాతవాళ్లను ఇంటికి పంపే యజమానులున్నారు. అలాంటి చోట పిల్ల బెదురుతుంది. బెదిరిన పిల్ల ఒంటికి తగిలే గాయం, మనసుకు తగిలే గాయం రెండూ పందెం రోజు బయటపడతాయి.

జపాన్ పద్ధతిలో లోపం లేదనను. శిక్షణ అంతా పొలం చేతిలోకి వెళ్లాక ట్రైనర్లు చివరి పది రోజుల మేస్త్రీలుగా మిగిలిపోతున్నారన్న మాట అక్కడ గట్టిగానే వినిపిస్తోంది. హొక్కైడోలోని హిదాకా తీరంలో పది పదిహేను ఆడగుర్రాలతో బతికే చిన్న రైతు కుటుంబాలకు ఎత్తు బాటలు, పైకప్పులు కట్టే స్తోమత లేదు. పెద్ద పొలం ఇంకా పెద్దదవుతోంది. ఇది నాకు నచ్చని సంగతి. నలుగురు చిన్న రైతులు కలిసి వాడుకునే ఉమ్మడి శిక్షణ కేంద్రాలే దానికి విరుగుడు. మన దేశంలో మొదలుపెట్టేటప్పుడే ఆ మాట గుర్తుంచుకోవాలి.

మలక్‌పేట నుంచి కుణిగల్ దాకా

మన దగ్గర పిల్లలు పుట్టేది పుణె చుట్టుపక్కల, పంజాబ్, హరియాణా, కర్ణాటక పొలాల్లో. రెండేళ్ల వయసు రాగానే అవి ట్రక్కెక్కి ఏదో ఒక నగరంలోని రేస్‌కోర్సుకు చేరతాయి. ఇక పరుగు ఉన్నంత కాలం అక్కడి గది, తెల్లవారుజామున ట్రాకు, అంతే వాటి లోకం. పుట్టిన పొలంతో సంబంధం తెగిపోతుంది. హైదరాబాద్ గుర్రాలకు ఆ లోకం మలక్‌పేట. మౌలాలీ దగ్గర జరిగే రేసులు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో అక్కడికి మారాయి. అప్పుడది ఊరి బయట. ఇప్పుడు చుట్టూ మెట్రో, మార్కెట్టు, ఆసుపత్రులు.

అన్ని నగరాల్లోనూ ఇదే వరస. 2024 జులైలో ఊటీ రేస్‌కోర్సు స్థలం 52 ఎకరాల్ని తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. సెప్టెంబరులో చెన్నై గిండీలోని 160 ఎకరాల లీజును రద్దు చేసింది. అదే ఏడాది ముంబై మహాలక్ష్మిలో 120 ఎకరాలు ఉద్యానవనం కోసం నగరపాలక సంస్థకు వెళ్లాయి. ఇంకో వైపు పన్ను. రేసుల పందేల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ తీర్పు క్లబ్బుల్ని జూదపు చట్టం నుంచి కాపాడింది గానీ భూమి ధర నుంచి, పన్ను నుంచి కాపాడలేదు.

నగరంలో పిల్లలకు ఆడుకునే చోటు లేనప్పుడు వందల ఎకరాలు రేసులకు ఎందుకని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. ఆ ప్రశ్న న్యాయమైనది. కానీ రేస్‌కోర్సు కదిలినప్పుడు గుర్రాలూ, సయీసులూ ఎక్కడికి పోవాలన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. పందెం రోజు జనానికి నగరం దగ్గరుండాలి, నిజమే. మిగతా రోజుల్లో గుర్రానికి నగరంతో ఏ పనీ లేదు.

అందుకే కుణిగల్ మీద నా చూపు. బెంగళూరుకు 70 కిలోమీటర్ల దూరంలో, తుమకూరు జిల్లాలో, మంగళూరు రహదారి పక్కన 421 ఎకరాల అశ్వ పెంపక క్షేత్రం అది. టిప్పు సుల్తాన్ అశ్వదళానికి గుర్రాల్ని పెంచిన చోటుగా దానికి పేరు. తర్వాత బ్రిటిష్ సైన్యానికి, మైసూరు ప్రభుత్వానికి పనిచేసింది. 1990లలో విజయ్ మాల్యా సంస్థ లీజుకు తీసుకుని అక్కడ పందెపు గుర్రాల్ని పెంచింది. ఆ భూమిలో టౌన్‌షిప్ కట్టాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది, స్థానికులు వ్యతిరేకించారు. ఈ మధ్య బెంగళూరు రేసుల్ని అక్కడికి తరలించాలన్న ప్రతిపాదన కర్ణాటకలో ముందుకొచ్చింది.

ఇళ్ల ప్లాట్ల కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. రెండు శతాబ్దాలకు పైగా గుర్రం డెక్క పడిన నేల గుర్రాలకే మిగలాలని నేను మనసారా కోరుకుంటాను. అయితే గ్యాలరీ, క్లబ్ హౌసు, పార్కింగు ముందు గీసి మిగిలిన మూలలో గుర్రాల్ని సర్దితే నగరంలోని ఇరుకును పల్లెకు మోసుకెళ్లినట్టవుతుంది. తల్లీ పిల్లకు కలిపి రెండెకరాల పచ్చిక ఉండాలని పెంపకందారుల లెక్క. ముందు ఆ పచ్చికలకు హద్దులు వేయాలి. చూలు గుర్రాల స్థలాన్ని, వచ్చిపోయే గుర్రాల స్థలాన్ని రహదారి నుంచే విడదీయాలి. దక్కన్ ఎండకు పైకప్పు ఉన్న ఎత్తు బాట హొక్కైడో మంచుకు ఎంత అవసరమో అంతే అవసరం. ఏప్రిల్‌లో ఉదయం ఏడు దాటాక గుర్రాన్ని ఎండలో పరుగెత్తించడం దానికి హింసే.

సయీసుల సంగతి అన్నిటికన్నా ముందు తేలాలి. మన రేస్‌కోర్సుల్లో రెండు మూడు గుర్రాలకు ఒక సయీసు. చీకటితోనే లేచి మాలీషు చేసి, దాణా కలిపి, సాయంత్రం మళ్లీ నడిపించి, రాత్రి గది దగ్గరే పడుకునే మనిషి. చాలామందికి ఇది తాతల నాటి పని. వాళ్ల ఇళ్లు, పిల్లల బడులు, రేషన్ కార్డులు అన్నీ రేస్‌కోర్సు చుట్టుపక్కల బస్తీల్లోనే ఉన్నాయి. గుర్రాన్ని ఒక్క రాత్రిలో ట్రక్కెక్కించి 70 కిలోమీటర్లు తీసుకుపోవచ్చు, ఒక కుటుంబాన్ని అలా తీసుకుపోలేం. కొత్త కేంద్రంలో సయీసు కుటుంబానికి పక్కా ఇల్లు, నడిచి వెళ్లే దూరంలో బడి, ప్రావిడెంట్ ఫండు, గుర్రం తన్నితే చూసే వైద్యుడు ఉండాలి. రౌతు పని నేర్పే బడి ఒకటి అక్కడే పెడితే అదే కుటుంబాల పిల్లలకు చేతినిండా పని దొరుకుతుంది.

పందేలు మానిన గుర్రాలకు కూడా అక్కడ చోటు పెట్టాలి. ఐదారేళ్లకే పరుగు ఆగిపోయే జీవి ఇంకో ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు వాటిలో కొన్ని స్వారీ బడులకు, కొన్ని పెళ్లి ఊరేగింపులకు పోతున్నాయి, మరికొన్ని ఎక్కడికి పోతున్నాయో అడిగే నాథుడు లేడు. నగరంలో స్థలం లేదన్న సాకు ఇన్నాళ్లూ చెల్లింది. 421 ఎకరాలున్న చోట చెల్లదు.

ఒక్క కుణిగల్‌తో ఇది ఆగకూడదు. రేపు మలక్‌పేట వంతు వస్తే తెలంగాణలో గుర్రాల కోసం ఎక్కడ, ఎన్ని ఎకరాలు, ఎవరి యాజమాన్యంలో అన్న చర్చ ఇప్పుడే మొదలు కావాలి. చెన్నైలో ఆ చర్చకు వ్యవధి దొరకలేదు. గేట్లకు సీలు పడిన రోజున కూడా లోపల గుర్రాలకు పొద్దున్నే దాణా పెట్టాల్సి వచ్చింది.